దంతవైద్య కళాశాలలో మన బాలికలు

ప్రతి సంవత్సరమును నీట్ పరీక్షా ఫలితములు వెలువడిన పిమ్మట కొన్ని నెలలపాటు మన యిండ్లలో నొక విచిత్రమైన విచారము కనబడుచుండును. పిల్లకు వైద్యకళాశాలలో స్థానము రాలేదు. దంతవైద్య కళాశాలలో వచ్చినది. సంతోషింపవలయునో దుఃఖింపవలయునో తెలియక తల్లి తికమకపడును. తండ్రి కాగితముపై లెక్కలు వేయుచుండును. చుట్టములు వచ్చి, “డాక్టరే కాని పండ్ల డాక్టరు” అని పెదవి విరిచి పోవుదురు. పిల్ల ఈ మాటల నన్నిటిని ప్రక్కగదిలో గూర్చుండి వినుచుండును. ఇట్టి తల్లులు కొందరు మాకు జాబులు వ్రాసి, ఆ కళాశాలలలో బాలికల జీవిత మెట్లుండునో, తోడివిద్యార్థు లెట్లు మెలగుదురో, పిల్లను పంపవచ్చునో కూడదో తెలుపుమని కోరినారు. అచ్చట చదువుకొనిన, చదువుకొనుచున్న కొందరు బాలికలతో ముచ్చటించి, వారు చెప్పిన సంగతులను గ్రహించి, ఈ నెల మా శీర్షికను దానికే వినియోగించుచున్నాము.

పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయియైన నేమి యని మనలో నొక సామెత కలదు. పంటినొప్పికి లవంగము, లవంగమునకు లొంగనిచో పట్టకారు తప్ప వేరు వైద్యము లేని దినములను ఆ మాట జ్ఞప్తికి దెచ్చును. దంతవైద్యమును ప్రత్యేకముగ నేర్పు కళాశాల లోకమున మొదటిసారిగా 1840లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున వెలసినది. అంతకుముందు గురువుచెంత పనివాడుగా చేరి నేర్చుకొనుటయే యెక్కువగా నుండెను. మన దేశమున డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మదుగారు అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున 1915లో పట్టము పొంది, తిరిగివచ్చి, 1920లో కలకత్తాలో తొలి దంతవైద్య కళాశాలను స్థాపించిరి. దాని ఖర్చులకై ఆయన యొక సోడా దుకాణమును నడిపి, అందలి లాభమును వినియోగించిరట! పండ్లకు తీపి హానికరమని బోధించు కళాశాలకు తియ్యని పానీయములే యన్నము పెట్టెనన్నమాట. ఆ కలకత్తాలోనే ఫాతిమా జిన్నా దంతవైద్యము నభ్యసించి 1923లో బొంబాయిలో వైద్యశాలను తెరచెను. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చినది. మన హైదరాబాదు నగరమున అఫ్జల్‌గంజి ప్రాంతమునందలి ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో నేర్పడినది. నేడు ఉభయ తెలుగు రాష్ట్రములందును ప్రభుత్వ కళాశాలలకంటె ప్రైవేటు కళాశాలలే యెక్కువ. వానిలో ఏ తరగతి చూచినను బాలికలే యెక్కువగా కనబడుదురు.

చదువు నాలుగు సంవత్సరములు. ఆపై నొక సంవత్సరము ఆసుపత్రిలోనే యుండి పనిచేయవలయును. దానికి పేరు బి.డి.ఎస్. ఆ తరువాత ఒక శాఖలో ప్రావీణ్యము కోరువారు మరి మూడు సంవత్సరములు ఎం.డి.ఎస్. చదువుదురు. పండ్ల చదువనగా పండ్లు మాత్రమే యని తలంచుట పొరపాటు. మొదటి సంవత్సరమున దేహమంతటి నిర్మాణమును, దాని వ్యాపారమును, అందలి రసాయనములను చదువవలయును; శవచ్ఛేదనశాలలో నిలువబడి ముఖమునందలి నరమొక్కొక్కటి యెటు పోవుచున్నదో కంటితో చూడవలయును. రెండవ సంవత్సరమున రోగకారకములైన సూక్ష్మజీవులు, ఔషధములు. మూడవ సంవత్సరమున సామాన్య వైద్యము, శస్త్రచికిత్స. ఇవన్నియు దాటిన తరువాతనే నాలుగవ సంవత్సరమున దంతవైద్య శాఖలన్నియు నొక్కుమ్మడిగా మీద పడును. కావున, “పండ్ల చదువేకదా, సులభము” అని పిల్లను పంపు తలిదండ్రులును, “పండ్ల చదువేకదా” యని చిన్నచూపు చూచు చుట్టములును ఒక్కరీతిగానే తప్పు తలంచుచున్నారు.

ఇక ఆ చదువునందలి విశేషము. తక్కిన కళాశాలలలో మొదటి యేట పుస్తకము ముఖ్యము; ఇచ్చట చేయి ముఖ్యము. పిల్ల చేరిన కొలది దినములకే చేతికొక మైనపు దిమ్మయు, చిన్న చెక్కుడుకత్తియు నిచ్చి, “పన్ను చెక్కుము” అందురు. మనకు పండ్లన్నియు తెల్లని రాళ్లవలె నొకటిగానే కనబడును. కాని పైదవడలోని మొదటి పెద్ద దవడపంటికి ముఖ్యముగా నాలుగు శిఖరములు, క్రిందిదానికి ఐదు. ముందరి కొరకుపంటిలో నడిమివైపు మూల సూటిగా నుండును, వెలుపలి మూల గుండ్రదేలి యుండును. అది చూచియే యది కుడిపన్నో ఎడమపన్నో చెప్పవలయును. పండ్రెండేండ్లు పుస్తకము కంఠస్థము చేసి ప్రథమశ్రేణిలో నిలిచిన పిల్ల ఈ మైనపు దిమ్మ ముందర కూర్చుండి కన్నీరు పెట్టుకొనుట కలదు. ఇంటర్మీడియటులో మార్కులు తక్కువ వచ్చినను, ఇంటివద్ద ముగ్గులు వేసి, కుట్టుపని చేసి, పూలు కట్టి వ్రేళ్లు తిరిగిన పిల్ల యొక గంటలో పన్ను చెక్కి ప్రక్కన పెట్టును. ఇదివరకు తరగతిలో మొదటివారెవరో, కడపటివారెవరో ఆ దినముతో తారుమారగును. ఈ తారుమారు వలన మంచియే కలుగుచున్నదని మాతో ముచ్చటించిన బాలికలందరును చెప్పినారు. ఏలయన, ప్రతివారికిని ఇంకొకరిని అడుగవలసిన యవసరము కలుగును. ప్రతివారికిని ఇంకొకరికి చెప్పగలిగిన దేదో యొకటి యుండును.

వసతిగృహములో రాత్రి పదిగంటలకు చూచినచో మంచములమీదను, దుప్పట్లమీదను మైనపు పొట్టు. కడపటి శిఖరమును తీర్చుచుండగా నది కాస్తయు విరిగిపోవును. అప్పుడు ప్రక్కమంచముపై నున్న పిల్ల లేచివచ్చి, కత్తికొనను దీపముపై వేడిచేసి, మైనపు బొట్టును కరిగించి, విరిగినచోట నతికించి చూపును. సెలవులకు ఇంటికి వచ్చిన పిల్ల గుడ్డలలో మైనపు ముక్కలు కనబడినచో తల్లులు విసుగుకొనరాదు. అది చదువు చేసిన గుర్తు.

అభ్యాసమునకు నిజమైన పండ్లును కావలయును. ఊడబెరికిన పండ్లను దంతవైద్యుల నడిగి తెచ్చి, శుభ్రపరచి, మూతబిగించిన సీసాలలో దాచుకొందురు. “నాయొద్ద కోరపండ్లు రెండెక్కువగా నున్నవి, నీయొద్ద పైదవడపన్ను కలదా?” అని మార్పిడి చేసికొందురు. విన్నవారికి జుగుప్స కలుగవచ్చును గాని, పిప్పిపట్టిన పంటిని తొలిచి పూరించుటయు, లోపలి నరమును తీసి శుద్ధిచేయుటయు, జీవించియున్న మనుష్యునిపై చేయుటకు ముందు ఈ పండ్లపై పలుమారులు చేసియుండవలయును. పనిముట్ల వెల తక్కువ కాదు. కావున పై తరగతి బాలికలు తమకు పనితీరిన పనిముట్లను, పుస్తకములను క్రింది తరగతివారి కిచ్చి పోవుదురు. ఒక పెట్టె నలుగురైదుగురి చేతులు మారి వచ్చుట సామాన్యము. బీదయింటి పిల్లకు ఆ పెట్టె యెంత యుపకారమో చెప్పనక్కరలేదు.

రెండవ సంవత్సరమున బల్లకు బిగించిన బొమ్మతలపై అభ్యాసము. దానికి రబ్బరు బుగ్గలు, లోపల పండ్ల వరుసలు. పైదవడ పండ్లను నేరుగా చూచుట కుదరదు. చిన్న యద్దములో చూచుచు పనిచేయవలయును. అద్దములో ముందు వెనుకగను, వెనుక ముందుగను కనబడును. చేయి ఒకవైపు పోవలయుననుకొన్న నింకొకవైపు పోవును. వెన్ను వంచి, మెడ వంచి గంటలతరబడి నిలుచుటచే నడుము నొప్పులు వచ్చును. సరిగా కూర్చుండుట యెట్లో మొదటనే నేర్చుకొనని పిల్ల నలువదియేండ్లు రాకమునుపే మెడనొప్పితో బాధపడును. ఈ సంగతి తల్లులు తమ పిల్లలకు మరిమరి చెప్పవలయును.

తరువాత మనుష్యుల వంతు. మొదటి మనుష్యుడు రోగి కాడు, చాలచోట్ల తోడివిద్యార్థియే. పంటిగార తీయుట ఒకరి నోట నొకరు నేర్చుకొందురు. మరపుమందు సూదియు నొకరి కొకరు వేసికొని నేర్చుకొనుట కలదు. క్రిందిదవడ నరమునకు సూది వేసినచో సగము పెదవియు, సగము నాలుకయు మొద్దుబారును. వేయువారి చేయి వణకును; వేయించుకొనువారి గుండె కొట్టుకొనును. ఇద్దరికిని అది మొదటిసారియే! “పట్టకారు పట్టుట ప్రొఫెసరుగారు నేర్పినారు, పట్టకారు ముందర నోరు తెరచుకొని యుండుట యెట్లుండునో నా స్నేహితురాలి సూది నేర్పినది,” అని యొక బాలిక మాతో ననెను. ఈ మాట మాకు మిక్కిలి నచ్చినది. రోగి భయమును తానొక్కసారి పడి చూచిన వైద్యురాలు ఆ పిమ్మట రోగిని కసరుకొనదు.

ఇంకొక మాట. దంతవైద్యులు పండ్లకు అంకెలు పెట్టుకొందురు. కుడివైపు క్రిందిదవడలోని మొదటి పెద్ద దవడపంటికి నలువదియారు అని సంకేతము. పని తొందరలో విద్యార్థులు, “నలువదియారు వచ్చినది, కూర్చుండబెట్టితిని” అనుట యలవాటగును. వచ్చినది నలువదియారు కాదు, ఒక తల్లియో, ఒక కూలివాడో, రాత్రియంతయు నిద్రలేని యొక ముసలివాడో. ఈ యలవాటు ముదరకుండ చూచుకొనుట గురువుల పనియే కాదు, స్నేహితుల పనియు. తోడివారు నవ్వి యూరకున్నచో అది ముదరును, “పేరేమి?” అని యడిగినచో సర్దుకొనును.

తెలుగు మాధ్యమమున చదివిన బాలికల సంగతి ప్రత్యేకముగ చెప్పవలయును. పాఠములన్నియు ఇంగ్లీషున జరుగును. మాటలు గ్రీకు లాటిను భాషలవి. మొదటి ఆరునెలలు వారికి గండమువంటివి. వెనుక బల్లపై గూర్చుండి, అడిగిన నవ్వుదురేమో యని మౌనముగ నుందురు. కాని రోగులు వచ్చు గదిలోనికి పోయిన దినమున వారికి గౌరవము తిరిగి వచ్చును. పల్లెనుండి వచ్చిన యవ్వ, “జివ్వుమంటున్నదమ్మా” యనును. ఇంకొకతె, “రాత్రంతా సలుపు” అనును. పట్టణమున పెరిగిన పిల్ల రెంటికిని “నొప్పి” యని వ్రాసికొనును. కాని ఆ రెండును వేరు. చల్లనీరు తగిలినప్పుడు జివ్వుమని, వెంటనే తగ్గినచో సాధారణముగ పంటి పైపొర అరిగినదో, పిప్పి లోతుగా పోలేదో యని తలంపవచ్చును. ఏమియు తగులకయే రాత్రివేళ తనంత తానుగ సలుపు పుట్టి నిద్ర పట్టనీయనిచో, పంటి లోపలి నరమే చెడినదని యనుమానింపవలయును, చికిత్సయు వేరు. ఈ తేడాను వినగల చెవి తెలుగున పెరిగిన పిల్లకు సహజముగనే యుండును. ఇంగ్లీషు మాటలకు తాను స్నేహితురాండ్ర నడిగినట్లే, ఈ మాటలకు స్నేహితురాండ్రు తన్నడుగుదురు.

రోగుల నోళ్లు వారికి దేశమును చూపును. నల్లగొండవైపునుండి వచ్చిన వారి పండ్లపై గోధుమరంగు చారలు. నీటిలో ఫ్లోరైడు మితిమీరి యుండుటచే, పండ్లు దవడలో తయారగు చిన్నతనముననే పట్టిన చారలవి; ఎంత తోమినను పోవు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరమునందలి స్త్రీలు కొందరు చుట్టను నిప్పుకొన నోటిలో నుంచుకొని కాల్చుదురు. దానిని అడ్డపొగ యందురు. అంగిలి తెల్లబారి, పొక్కి, కొందరికి పుట్టకురుపుగా మారుట వైద్యులు చిరకాలముగ గుర్తించియున్నారు. పురుష వైద్యుని ముందర చుట్ట మాట యెత్తుటకు సిగ్గుపడు స్త్రీ, తన కూతురి యీడుదైన పిల్ల యడిగినచో చెప్పును. ఇట్టి చోట బాలికలు వైద్యవిద్య నభ్యసించుట యెంత ప్రయోజనమో మన పాఠకురాండ్రే గ్రహింతురు.

నాలుగవ సంవత్సరమును, ఆపై సంవత్సరమును స్నేహములకు పరీక్ష. ప్రతివిద్యార్థియు ఇన్ని పండ్లు తీయవలయును, ఇన్ని పూరింపవలయును, ఇన్ని కట్టుడుపండ్ల వరుసలు చేయవలయును అని కళాశాల లెక్క పెట్టును. లెక్క పూర్తి కానిచో పరీక్షకు చిక్కు. పన్ను తీయించుకొనువారు దినమున పలువురు వత్తురు. పండ్లొక్కటియు లేని ముసలివారు, అందులో అయిదారు పర్యాయములు ఓపికతో తిరుగువారు, దొరకుట కష్టము. కట్టుడుపండ్లు ఒక్కనాటి పని కాదు. మొదట దవడల అచ్చు తీయవలయును. దానిపై ఆ నోటికే సరిపడు పళ్లెము చేసి మరల సూక్ష్మమైన అచ్చు తీయవలయును. పైదవడ క్రిందిదవడల యెడమును కొలువవలయును. మైనములో పండ్లు నిలిపి నోట పెట్టి చూడవలయును. పిమ్మట గట్టిపరచి, మెరుగుపెట్టి, తొడిగి, ఒరుసుకొనుచోట్ల అరగదీయవలయును. నాలుగవసారి ఆ ముసలమ్మ రాకపోయినచో అంతవరకు చేసిన పనియంతయు వ్యర్థము. కావున విద్యార్థులు పండ్లు లేని తాతలకై, అవ్వలకై ఊరంతయు వెదకుదురు. బస్సు ఖర్చులు తామే పెట్టుకొందురు. తమ యింటి పెద్దలనే పిలిపించుకొందురు.

ఇట్టిచోట అసూయలు పుట్టును. ఒక కళాశాలలో జరిగిన సంగతి మాకు తెలిసినది. ఇద్దరు బాలికలు మొదటి దినమునుండి యొకే గదిలో నున్నవారు. ఒకతె వెదకి తెచ్చుకొన్న అవ్వ, ఆమె జ్వరముతో రానిదినమున వచ్చి కూర్చుండెను. రెండవ పిల్ల అవ్వను తన పేర వ్రాసికొని అచ్చు తీసెను. “నీవు రాలేదు, ఆమె వెనుదిరిగి పోవుచుండెను” అని సమాధానము. నిజమే కావచ్చును. కాని ఆ యిద్దరును రెండు నెలలు మాటలాడుకొనలేదు. ఒకే గదిలో రెండు దీపములు పెట్టుకొని చదివిరి. ఈ కథలో తప్పెవరిదని తీర్పు చెప్పుటకు మేము పూనుకొనము. లెక్క పెట్టిన కళాశాల తప్పు కొంత. లెక్కకు మనుష్యుల నొప్పగించిన వయసు తప్పు కొంత. చివరకు మాటలు కలిపినది ఆ యవ్వయే. పండ్లు తొడిగించుకొనుటకు వచ్చి, “మొదటి పిల్ల యేదమ్మా? తనకు చూపకుండ నేను పోను,” అని కుర్చీలో భీష్మించుకొని కూర్చున్నదట. ఆ పిల్ల వచ్చి చూచెను. ఒకచోట చిగురు ఒరుసుకొనుచున్నదని చెప్పెను. రెండవ పిల్ల దానిని అరగదీసెను. ఆ సాయంకాల మిద్దరు కలసి భోజనశాలకు పోయిరి. మునుపటివలె నుండిరా యని మేమడుగలేదు. మాటలు కలియుటయే చాలును.

తలిదండ్రులు గమనింపవలసిన దొకటి కలదు. మొదటి సంవత్సరమున ఒక విషయములో తప్పిన పిల్ల తన తరగతినుండి విడిపోయి వెనుకబడిన జట్టులో పడవచ్చును. నిన్నటి స్నేహితురాండ్రు ముందుకు పోవుదురు, ఆమె మిగిలిపోవును. ఈ చదువులో స్నేహమే సగము చదువని పైన చెప్పితిమి. కావున ఈ పిల్లకు నష్టము రెండింతలు. ఇంటికి చెప్పుటకు భయము, తరగతికి పోవుటకు సిగ్గు. ఆ సమయమున ఇంటినుండి ఫోను వచ్చి, “మార్కు లెన్ని?” అని మొదటి ప్రశ్న యడిగినచో పిల్ల అబద్ధమాడుట నేర్చుకొనును, అబద్ధములు పెరిగినకొలది ఒంటరితనము పెరుగును. అట్లు గాక, “ఎవరితో భోజనము చేసితివి? ఎవరితో కూర్చుండి చదువుచున్నావు?” అని యడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు రానినాడు తడవు చేయక బయలుదేరి పిల్లవద్దకు పొండు. మార్కు లాలస్యముగా వచ్చినను నష్టములేదు. ఒక పరీక్ష తప్పి మరల వ్రాసి, నేడు ఘనముగ వైద్యము చేయుచున్నవారు అనేకులు.

కొత్తగా చేరినవారిని పై తరగతివారు హింసించుట మన రాష్ట్రమున 1997లో చట్టముచే నేరముగ నిర్ణయింపబడినది. “అందరును పడినదే” యని యోర్చుకొమ్మని పిల్లకు చెప్పుట తగదు. పనిముట్ల పెట్టె నిచ్చు పై తరగతి బాలిక యుండును, అవమానించునదియు నుండవచ్చును. మొదటిదానితో స్నేహము, రెండవదానిపై ఫిర్యాదు: ఈ రెండును పిల్లకు నేర్పి పంపవలయును.

జీవనోపాధి మాట దాచుట మాకిష్టము లేదు. పట్టము చేతికి వచ్చిన మరునాడే ధనము కురియదు. సొంత వైద్యశాలకు కుర్చీ, యంత్రములు, గది యద్దె కావలయును. మొదటి కొన్నియేండ్లు ఇంకొకరి వైద్యశాలలో కొద్ది జీతమునకు పనిచేయుట సామాన్యము. ప్రైవేటు కళాశాల రుసుమునకు పొలము తెగనమ్ముటకు ముందు ఈ సంగతి నాలోచింపుడు. పిల్లకు చేతిపనియం దభిరుచి కలదా, పరుల నోటిలో చేయి పెట్టుటకు ఏవగింపు లేదా, గంటలతరబడి యొకచోట నిలువగలదా యని పిల్లనే యడుగుడు. కలదనినచో, చుట్టముల పెదవి విరుపును లెక్కింపక పంపుడు. లేదనినచో, పేరుముందు డాక్టరను మాటకై మాత్రము పంపకుడు.

ఇంకొక నష్టము మన చేతులలోనే యున్నది. అయిదేండ్లు శ్రమించి నేర్చిన బాలికలలో కొందరు వివాహమైన పిమ్మట పనిముట్టు విడిచిపెట్టుచున్నారు. పుస్తక విద్య పదియేండ్ల కైనను తిరిగి చదువుకొనవచ్చును. చేతివిద్య వాడకున్నచో మొద్దుబారును. లోకమున దంతవైద్య పట్టము పొందిన మొదటి స్త్రీ లూసీ హాబ్స్. స్త్రీ యను కారణమున ఆమెను కళాశాలలో మొదట చేర్చుకొనలేదు. ఒక వైద్యునివద్ద పని నేర్చి, సొంతముగ వైద్యము చేసి పేరుపొందిన పిమ్మట ఒహాయో కళాశాలవారు చేర్చుకొని 1866లో పట్టమిచ్చిరి. మరుసటి యేట ఆమె వివాహమాడెను. ఆమె భర్త రైలుపెట్టెలకు రంగులు వేయువాడు. ఆమె పనిముట్టు విడువలేదు. భర్తకే దంతవైద్యము నేర్పెను! ఇద్దరును కాన్సాసులోని లారెన్సు పట్టణమున కలసి వైద్యము చేసిరి. మన యల్లుండ్రు అంతపని చేయనక్కరలేదు. దినమునకు నాలుగు గంటలు కోడలిని వైద్యశాలకు పోనిచ్చి, ఆ నాలుగు గంటలు బిడ్డను చూచుకొనినచో చాలును. అత్తగార్లు కూడ ఈ మాట నాలకింతురుగాక.

కడపట మన యిండ్లకు సంబంధించిన నాలుగు మాటలు ఆ బాలికలు మాచేత వ్రాయించినారు. బిడ్డకు ఆరవయేట పాలపండ్ల వెనుక, ఏ పాలపన్నును ఊడకుండగనే, ఒక పెద్ద పన్ను మొలచును. తల్లులు దానిని పాలపన్నని భ్రమించి, పుచ్చినను ఊడిపోవునులే యని యుపేక్షింతురు. అది జీవితాంతము నిలువవలసిన పన్ను. పోయిన మరల రాదు. పైదవడపన్ను తీయించినచో కంటిచూపు పోవునను మాట వట్టి భయము. కంటి నరము వేరు, పంటి నరము వేరు. గర్భిణి చిగుళ్లనుండి రక్తము వచ్చినచో సిగ్గుపడక వైద్యునికి చూపవలయును. నడిమి మాసములలో పంటిచికిత్స చేయించుకొనవచ్చును.

నాలుగవది కోరికవంటిది. మీ యూరికి దగ్గరలో దంతవైద్య కళాశాల యున్నచో, అచ్చటి ఆసుపత్రిలో ఖర్చు తక్కువ. మీ యింట పండ్లు లేక మెత్తని యన్నమే తినుచున్న అవ్వగారిని అచ్చటికి తీసికొనిపొండు. చేయునది విద్యార్థినియే యైనను ప్రక్కన గురువు నిలిచి చూచును. అయితే ఒకసారి పోయి మానివేయకుడు. పిల్ల చెప్పిన తేదీలలో, అయిదారు పర్యాయములును, బస్సు తప్పకుండ పంపుడు. అవ్వ నోట పండ్లు వచ్చును. ఎవరి బిడ్డయో యొక పిల్ల పరీక్షకు నిలువగలుగును.